ఉరిమినప్పుడు పీకిన ప్లగ్గు

"ఓ కోడిపెట్టా, నీకన్నా చెప్త ఇను. ఈ ఇంట్ల నేను ఏది ముట్టినా తప్పే."

కొండమ్మ గడపలో కూర్చుని నూకలు చల్లుతూ అంది. కోడిపెట్ట వినలేదు. వినాల్సిన కోడలు లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది, విననట్టు.

"కోడికి చెప్పుకుంటే అయిపోతదా?" అంది సంతోషి తెర మీంచి కళ్లు తిప్పకుండా. "పీకినోళ్లు పీకిన్రు. ఇప్పుడు పరేషాన్ ఎవరికి?"

"ఉరిమింది. పీకిన. ఉరిమితే పీకాల్నా, వద్దా?"

"అది పనిల ఉండె అత్తమ్మా. పని నడిమిట్ల పీకొద్దు."

"పనిల ఉన్నదని నాకేం ఎరుక? దాని మొఖం నల్లగ అయ్యి, తెల్లగ ఏందేందో గీతలు ఉరుకుతున్నయ్. అప్పటికే ఖరాబయిందనుకున్న."

ఇద్దరిలో ఎవరి మాటా అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఒకసారి పిడుగు దెబ్బకు టీవీ మాడిపోయింది. ఆనాటి నుంచి మబ్బు గొంతు సవరించుకుంటే చాలు, కొండమ్మ ఇల్లంతా తిరిగి ప్లగ్గులన్నీ పీకేస్తుంది. తొండుపల్లిలో నెత్తి మీంచి విమానాలు పోతూనే ఉంటాయి కదా, ఆ రొదకూ ఉరుముకూ తేడా ఎలా తెలుస్తుందని అడిగితే ఆమెకు కోపం వస్తుంది. నిన్న సాయంత్రం కూడా ఆమె చెవి తప్పలేదు. అది ఉరుమే.

తప్పు అంతకుముందే మొదలైంది. కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌కు కొత్త వెర్షన్ వచ్చింది, వేసుకో వేసుకో అంటూ తెర మూల నుంచి ఒక చిన్న గడి చాలా రోజులుగా తొంగిచూస్తోంది. అలాంటి పనులన్నీ ఎప్పుడూ శ్రావణ్‌కుమార్ చూసుకునేవాడు. సంతోషికి మొగుడు, కొండమ్మకు ఒక్కగానొక్క కొడుకు. ఎవరో పారేస్తానన్న పాత కంప్యూటర్ తెచ్చి, దుమ్ము దులిపి, అందులో లినక్స్ వేసి, పెళ్లాం పక్కన కూర్చుని అక్షరం అక్షరం నేర్పింది అతనే.

ఇప్పుడు అతను ఇంట్లో లేడు. విమానాశ్రయం కార్గోలో కొలువు పోయిన సంగతి దాచిపెట్టి, రోజూ యూనిఫాం తొడుక్కుని వెళ్లి శంషాబాద్ బస్టాండులో పొద్దుపుచ్చి వచ్చిన మనిషి చివరికి దొరికిపోయాడు. దొరికిన రోజున, జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లందరి ముందూ సంతోషి నోరు జారింది. "నా మిషన్ నడుస్తున్నది కాబట్టి నువ్వు తింటున్నవ్" అంది.

శ్రావణ్ సగం అన్నం మీదే కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ తర్వాత కాటేదాన్‌లో ఏదో బిస్కెట్ల కంపెనీ గోదాములో కుదిరాడని, దగ్గర్లోనే కిరాయి గది తీసుకున్నాడని కొండమ్మ చెబితే తెలిసింది. పెళ్లానికి మాత్రం ఫోన్ చేయలేదు.

నువ్వు లేకపోతే కంప్యూటర్ నడవదా అన్న పౌరుషంతో నిన్న సంతోషి తనే ఆ గడి నొక్కింది. అప్‌గ్రేడ్ మొదలయింది. కూర తాలింపు వేసి వచ్చేలోగా ఉరిమింది. అత్తగారు వచ్చి తన ధర్మం తాను నెరవేర్చింది.

పొద్దున్నుంచి ఎన్నిసార్లు పెట్టి చూసినా అదే నల్ల తెర, అవే తెల్ల అక్షరాలు. చివరి వరుసలో ఒక్క మాట సంతోషికి అర్థమయింది. ప్యానిక్.

"ఏమంటున్నది?" అని కొండమ్మ గడపలో నుంచే అడిగింది. ఈసారి కోడిని కాదు.

"భయపడ్డదట."

"ఉరుముకు భయపడదా మరి!"

సంతోషికి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆ ఇంట్లో నవ్వి చాలా రోజులైంది. నవ్వితే పక్కన ఇంకొకరు కూడా నవ్వాలి కదా అని ఆమెకు అనిపించింది.

అప్పుడే తుక్కుగూడ నుంచి శివమ్మ వచ్చింది. ఆమె బిడ్డ పెళ్లి దగ్గర పడింది. జాకెట్ మీద తంగేడు పూలు కావాలని పిల్ల ముచ్చటపడితే సంతోషి ఎక్కడా దొరకని డిజైన్ తనే గీసింది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఎంబ్రాయిడరీ మిషన్‌కు పెడితే, మిషన్ దానంతటదే కుట్టేస్తుంది. రెండు చేతులూ కుట్టడం అయిపోయింది. వెనక మెడ డిజైన్ మాత్రం ఇంకా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కలేదు. ఆ నల్ల తెర వెనకాలే ఉండిపోయింది.

"అయిందా బిడ్డా?" అంది శివమ్మ.

"మెడ ఒక్కటున్నది అక్కా. రేపు ఇస్త."

"రేపంటే రేపే. పిల్ల రోజూ అడుగుతున్నది, నా తంగేడు పూల జాకెట్ ఏదని." శివమ్మ చేతుల మీది పసుపు పూలను వేలితో తడిమి చూసి మురిసింది. పోతూ పోతూ ఇల్లంతా కలయజూసింది. "శ్రావణ్ రాలేదా ఇంకా?"

సంతోషి జాకెట్ చేతులు తీసి మడత పెట్టసాగింది. ఆనాడు ఆ మాట విన్నవాళ్లలో శివమ్మ కూడా ఉంది.

ఆమె వెళ్లిపోయాక కొండమ్మ లేచి లోపలికి వచ్చింది. "వాడికి ఫోన్ జెయ్యి."

"నేను చెయ్య."

"మరి ఎవరు బాగు జేస్తరు దీన్ని?"

"శంషాబాద్‌ల ఎవరన్న చూస్తరు."

"పొద్దున అడిగినవ్ గదా. ఏమన్నరు? మొత్తం తుడిచి మల్ల ఎక్కిస్తమన్నరు. తుడిస్తే పూలు పోతయ్ అన్నవ్."

"ఏమని చెయ్యాలె అత్తమ్మా?" సంతోషి ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నీకు కూడు పెట్టిన మిషన్ ఆగిపోయింది, వచ్చి బాగు జెయ్యమనా? ఏ మొఖం పెట్టుకొని చెయ్యాలె?"

కొండమ్మ కొంగుముడిలోంచి తన చిన్న ఫోన్ తీసి, బొటనవేలితో ఒకటి నొక్కి పట్టుకుంది. ఆ ఒకటి మీద తన నంబర్ పెట్టి ఇచ్చింది కొడుకే.

"ఆ, నేనే. నాకేం గాలేదు. ఇగో, నీ పెండ్లాం మాట్లాడుతదట" అని ఫోన్ కోడలి చేతిలో కుక్కి, మళ్లీ గడపలోకి పోయి కూర్చుంది. చెవులు మాత్రం గదిలోనే వదిలి వెళ్లింది.

ఫోన్‌లో దూరంగా ఎక్కడో ట్రాలీ చక్రాలు సిమెంటు మీద దొర్లుతున్న చప్పుడు వినిపించింది.

"కంప్యూటర్ లేస్తలేదు" అంది సంతోషి.

"ఏం జేసినవ్?"

"కొత్త వెర్షన్ ఎక్కిద్దామని నొక్కిన."

"నువ్వా?"

"ఆ, నేనే. ఏం, నొక్కొద్దా?"

"నొక్కొద్దని ఎవరన్నరు. తెర ఫోటో తీసి పంపు."

సంతోషి తన ఫోన్‌తో ఫోటో తీసి పంపింది. ఒక్క వరుస చదవడానికి ఇంతసేపా అనుకుంది.

"వచ్చిందా ఫోటో?"

"వచ్చింది."

"ఏం కనబడుతున్నది?"

"తెర నల్లగున్నది గదా. నువ్వు కనబడుతున్నవ్ అండ్ల." అతని గొంతు తగ్గింది. "తలకు నూనె పెట్టుకుంటలేవా?"

సంతోషి చప్పున జుట్టు సవరించుకుంది. ఎవరూ చూడటం లేదని తెలిసీ సవరించుకుంది. తెరలోకి తనూ చూసింది. అక్షరాల వెనకాల ఒక ఆడమనిషి కూర్చుని ఉంది, పీక్కుపోయిన మొహంతో. ఇన్ని రోజులూ ఆ తెర ముందే కూర్చున్నా ఆమెను గమనించలేదు.

"కంప్యూటర్ సంగతి చెప్పు" అంది.

"నడిమిట్ల బంద్ అయినట్టున్నది. ఎవరు బంద్ జేసిన్రు?"

గడపలో నూకలు చల్లుతున్న చెయ్యి ఆగింది. సంతోషి అటు చూసింది. కొండమ్మ వీపు ఇటువైపు ఉంది. పైట చెంగు భుజం మీంచి జారిపోయినా సర్దుకోవడం లేదు.

"ఎవరూ చెయ్యలే. కరెంటు పోయింది" అంది సంతోషి.

కొండమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. కాసేపటికి లేచి వెళ్లి, గ్లాసుడు మంచినీళ్లు తెచ్చి కోడలి మోచేతి పక్కన పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది.

"సరే" అన్నాడు శ్రావణ్. "భయపడకు. లోపలున్నవి యాడికీ పోవు. డిజైన్లన్నీ అట్లనే ఉంటయ్. పాత ఇటుకలు సగం తీసి, కొత్తయి సగం పెట్టి మేస్త్రి పోయినట్టయింది. మిగిలిన పని మనం జేద్దాం."

మనం అన్నాడు. సంతోషి ఫోన్‌ను చెవికి ఇంకా దగ్గరగా అదిమింది.

"బంద్ జేసి మల్ల పెట్టు. పెట్టంగనే షిఫ్ట్ మీట పట్టుకో. వదలకు."

"పట్టుకున్న."

"ఒక పట్టిక వచ్చిందా? రెండో వరుస మీదికి పోయి నొక్కు. ఇప్పుడు కొత్తదీ, దాని కింద పాతదీ కనబడుతయ్. పాతదాని మీద రికవరీ అని ఉంటది."

"ఉన్నది."

"అదే నొక్కు."

అక్షరాలు జలజలా రాలాయి. ఈసారి భయపడలేదు. ఆగి, ఏం చెయ్యమంటావని అడుగుతున్నట్టు కింద ఒక చిన్న గీత మిణుకుమంది. శ్రావణ్ మొదట ఒక వరుస టైప్ చేయించాడు. తర్వాత, సగంలో ఆగిన పనిని పూర్తి చేయించే అసలైన ఆదేశం చెప్పాడు.

"డి, పి, కె, జి. ఖాళీ వదులు. రెండు చిన్న అడ్డగీతలు. కాన్ఫిగర్. మల్ల ఖాళీ. ఒక అడ్డగీత, ఏ. చదువు ఒకసారి."

ఆమె చదివింది. అతను విన్నాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఇలాగే, ఒక్కో అక్షరం చెప్పి చదివించేవాడు. అప్పుడు పక్క కుర్చీలో కూర్చుని, తప్పు కొడితే వేలి మీద చిన్నగా కొట్టేవాడు.

"నొక్కు. ఇగ అదే జేసుకుంటది. టైం పడ్తది."

వరుసలు పైకి పాకుతున్నాయి. చేయడానికి ఇద్దరికీ ఏమీ లేదు. ఫోన్ పెట్టేస్తే సరిపోయేది, కానీ ఎవరూ పెట్టెయ్యలేదు.

నిన్నటి దాకా ఈ సమయానికి సంతోషి ఒక్కతే మిషన్ ముందు కూర్చునేది. మిషన్ ఆపితే ఇల్లు గుయ్యిమనేది. అత్తమ్మ కోళ్లతో మాట్లాడుకునేది, తను ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇప్పుడు చెవిలో ఒక మనిషి ఊపిరి వినిపిస్తోంది. మాట్లాడకపోయినా సరే, ఆ ఊపిరి అలాగే ఉంటే చాలనిపించింది ఆమెకు.

అతన్ని ఒకటి అడగాలని ఉంది. భోజనాల వేళ అయింది. మామూలుగా ఏ పెళ్లామైనా ఫోన్‌లో ముందు అడిగేది అదే. తిన్నవా? ఆ మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది. తిండి పేరెత్తే హక్కు ఆనాడే పోగొట్టుకుంది.

ఇంటి మీంచి ఒక విమానం దిగుతూ పోయింది. కిటికీ రెక్క సన్నగా అదిరింది.

"దుబాయ్‌ది" అన్నాడు శ్రావణ్. "జర లేటయింది ఇయ్యాల."

"ఇంకా గుర్తు పడ్తున్నవా?"

"ఈడ వినబడవు. బిస్కెట్ల వాసన తప్ప ఏం లేదు."

అంతలో కంప్యూటరే కలగజేసుకుంది.

"ఏదో అడుగుతున్నది" అంది సంతోషి. "పాత సెట్టింగ్ ఉంచాల్నా, కొత్తది పెట్టాల్నా అంటున్నది."

"అది ప్రింటర్‌ది. మనం ఆనాడు మంచిగ కూర్చుని పెట్టుకున్నం గదా. పాతదే ఉంచు. కొత్తది వద్దని ఎన్ కొట్టు."

కొట్టింది. వరుసలు మళ్లీ కదిలాయి. కదిలి కదిలి, చివరికి ఆగిపోయాయి. శ్రావణ్ ఇంకో రెండు వరుసలు టైప్ చేయించాడు.

"ఇప్పుడు రీబూట్ అని కొట్టు. వస్తే వచ్చినట్టే."

కొట్టింది. తెర ఆరిపోయింది. నల్లని దాంట్లో మళ్లీ ఆమె మొహమే కనిపించింది, దాని వెనకాల గోడకు ఆనుకున్న అత్తగారు. చిన్న చక్రం ఒకటి తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది.

తెర వెలిగింది. లేత నీలం రంగు, మూలన ఆమె ఫోల్డర్లు. తంగేడు అని రాసి ఉన్నది అన్నిటికంటే పైన ఉంది. తెరిచింది. వెనక మెడ, రెండు పక్కలా రెమ్మలు, నడుమ పూలు, అన్నీ పసుపు పచ్చగా మెరుస్తున్నాయి.

"వచ్చిందా?" అన్నాడు శ్రావణ్.

సంతోషి సంతోషపడింది. నిజంగానే పడింది. మరుక్షణమే తోచింది. వచ్చింది అంటే ఇక పని లేదు. సరే, ఉంట అంటాడు. ట్రాలీల చప్పుడు, ఆ ఊపిరి, దుబాయ్ విమానం, అన్నీ ఆగిపోతాయి. మళ్లీ ఎప్పుడు ఏది పాడవుతుందో, ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో.

"రాలే" అంది.

గోడ దగ్గర కొండమ్మ తలెత్తి తెరను చూసింది, కోడల్ని చూసింది.

"రాలేదా? ఏమున్నది?"

"మల్ల గట్లనే. నల్లగ. ప్యానిక్ అంటున్నది."

"గట్లెట్ల అయితది?" అతను నిజంగానే తికమక పడ్డాడు. "అన్నీ సక్కగ అయినయ్ గదా. ఫోటో పంపు."

సంతోషి తెర వైపు చూసింది. ఏం పంపాలి? చేతికి తోచింది చేసింది. ఇందాకటి ఫోటోనే మళ్లీ పంపింది. పంపాక గుర్తొచ్చింది, అందులో తన మొహం కూడా ఉందని. నూనె లేని జుట్టుతో, సవరించుకోక ముందు.

అవతల ట్రాలీ చక్రాల చప్పుడు ఆగింది.

"అవును" అన్నాడు చివరికి, మెల్లగా. "మంచిగనే ఖరాబయినట్టున్నది."

"మరి?"

"ఫోన్ల అయ్యే పని గాదు. డ్యూటీ దిగినంక జూస్త" అని పెట్టేశాడు.

చూస్తానన్నాడు. వస్తానన్నాడో, ఇంకో ఫోన్ చేస్తానన్నాడో తెలియదు. పాత ఫోటో అని పోల్చుకున్నాడో లేదో అంతకన్నా తెలియదు. సంతోషి ఫోన్ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎందుకన్నవ్ బిడ్డా అట్ల?" అంది కొండమ్మ.

"నువ్వు పీకినవని నేను చెప్పలే గదా అత్తమ్మా. నేనన్నది నువ్వు చెప్పకు."

కొండమ్మ ముక్కు చీదుకుంది. "నేనెందుకు చెప్త. నాకు మాత్రం వాడు రావొద్దా? ఈ కోళ్లతోని ఎన్నొద్దులని మాట్లాడాలె?"

అత్తా కోడలూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరూ విడివిడిగా ఎదురుచూస్తున్నారన్న సంగతి ఇద్దరికీ ఇప్పుడే తెలిసినట్టుంది.

సంతోషి పెన్‌డ్రైవ్ పెట్టి తంగేడు పూలను అందులోకి ఎక్కించింది. రేపు శివమ్మకు మాటిచ్చింది, ఆగితే కుదరదు. జాకెట్ గుడ్డను ఫ్రేముకు బిగించి మిషన్ మీట నొక్కింది. టకటకటక మంటూ సూది దిగింది. పసుపు దారం మొదటి పువ్వు చుట్టూ తిరిగింది.

ఆ మిషన్ చప్పుడు సందు చివరి దాకా వినిపిస్తుంది. కంప్యూటర్ చచ్చిపోయిన ఇంట్లో ఆ మిషన్ నడవదని శ్రావణ్‌కు తెలుసు. అయినా అతను వస్తే గిస్తే పొద్దుగూకాకే కదా, అప్పటికి ఆపేద్దామనుకుంది సంతోషి.

రెండో పువ్వు సగంలో ఉండగా సందు మొదట్లో బండి చప్పుడైంది. సైలెన్సర్ పగిలిన బండి. ఊళ్లో అలాంటిది ఒక్కటే.

కొండమ్మ ఉలిక్కిపడి లేచింది. "వాడే! డ్యూటీ దిగినంక అన్నడు గదా!"

"అత్తమ్మా..."

"మిషన్ వింటడు బిడ్డా. అబద్ధం చెప్పి పిలిపించిందని ఉన్నపాటున ఎన్కకు మర్రిపోతడు." ఆమె అప్పటికే బోర్డు దగ్గరుంది. చెయ్యి ప్లగ్గు మీద ఉంది. "పీకన్నా? ఉరిమిందని నేను చెప్త. తప్పు నా మీద ఏసుకుంట."

సంతోషి సూది వైపు చూసింది. ఇప్పుడు ఆగితే పువ్వు పాడవుతుంది, ఇంకొకరి పెళ్లి జాకెట్ పాడవుతుంది. కానీ ఆమె ఆలోచించింది దాని గురించి కాదు. అతను యూనిఫాం తొడుక్కుని ఎన్ని రోజులు అబద్ధం మోశాడో, దాన్ని తను నలుగురిలో ఎలా విప్పిందో గుర్తొచ్చింది. ఇప్పుడు అబద్ధం మోస్తున్నది తనే. మళ్లీ ఒక అబద్ధం మీద అతను ఈ ఇంట్లో కూర్చోవద్దనుకుంది.

"వద్దు అత్తమ్మా. నడవనియ్యి."

"ఆగకుండ పోతే?"

"పోతే పోనీ. నేనే చెప్త, నువ్వు రావాలనే అబద్ధమాడిన అని." అత్తగారి వైపు తిరిగింది. "నువ్వు కంచం కడుగు. అన్నం ఏడి జెయ్యి."

కొండమ్మ ప్లగ్గు వదిలింది. కానీ వంటింట్లోకి కదల్లేదు.

బండి సందులోకి తిరిగింది. మిషన్ టకటకలాడుతూనే ఉంది. ఒక విమానం వచ్చి రెండు చప్పుళ్లనూ కాసేపు మింగేసింది. అది దాటిపోయాక చూస్తే, బండి వాకిలి ముందు నిలబడి ఉంది. ఇంజను మాత్రం ఆపలేదు.